మత్తు మాన్పు మందు వ్రతభంగమగునా?

మెడలో ఇష్టలింగమును ధరించినవాడు మత్తు పదార్థమును ముట్టరాదనుట మన ఇండ్లలో బడికి పోని పిల్లలకు సహితము తెలిసిన మాట. అందు వాదము లేదు. కాని కొంతకాలముగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల మన కుటుంబములలో వేరొక ప్రశ్న తలయెత్తుచున్నది. నలుగురిలో అడుగుటకు సిగ్గుపడుచు, ఇంటిలోపల మాత్రము అందరును దానిని అడుగుచున్నారు. కల్తీ కల్లునకు అలవాటుపడినవాడు దానిని మానదలచి సర్కారు దవాఖానకు పోయినచో డాక్టరు కొన్ని మాత్రలు వ్రాసియిచ్చును. ఆ మాత్రలును మత్తు కలిగించు జాతిలోనివే. వారముల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి వానిని మ్రింగవలసియుండును. "కల్లు సీసా దించి మాత్రల డబ్బా ఎత్తుకొన్నాడు, వీడు మానినదేమి?" అని పెద్దలు అడుగుచున్నారు. అట్టివాడు దీక్షకు అర్హుడా? ప్రసాదపు పంక్తిలో కూర్చుండవచ్చునా? వ్రతము నిలుపుకొన్నవాడా, గురువును మోసగించినవాడా? నేను విచారింపదలచినది ఇంతమాత్రమే. మద్యపానము మంచిదా చెడ్డదా యను చర్చ మన పత్రిక పాఠకులకు అక్కరలేదు.

మనము కల్లని పిలుచుచున్న వస్తువేదియో ముందుగా తెలిసికొనవలెను. తాటిచెట్టు నుండియో ఈతచెట్టు నుండియో గీసిన కల్లు పులిసినపుడు అందు మద్యాంశము సుమారు నూటికి 4, 5 పాళ్ళుండును. అదియు మత్తే; లింగధారికి అదియు నిషిద్ధమే. కాని నేడు పెక్కు కల్లు దుకాణములలో సీసాలలో పోసి యిచ్చుచున్నది చెట్టు కల్లు కాదు. చెట్లు తరిగినవి, త్రాగువారు పెరిగిరి. ఆ కొరత పూడ్చుటకు నీరు, తీపికి సాకరిన్, మత్తునకు రసాయనము కలుపుచున్నారు. రసాయనములలో ప్రధానమైనవి మూడు: క్లోరల్ హైడ్రేట్, జనులు డైజోఫాం అని పిలుచు డయజిపాం, ఆల్ప్రజోలం. ఇవి విషములుగా పుట్టినవి కావు. క్లోరల్ హైడ్రేట్‌ను లీబిగ్ అను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు 1832లో తయారుచేయగా, 1869 నుండి వైద్యులు దానిని నిద్రమందుగా వాడిరి. డయజిపాం 1963లోను, ఆల్ప్రజోలం 1981లోను అమెరికాలో విపణికి వచ్చినవి. ఆందోళనకు, నిద్రలేమికి, మూర్ఛకు వైద్యుడు లెక్కపెట్టి యిచ్చు వస్తువులు మన యూళ్ళలో లెక్క లేకుండ లొట్టిలో పడినవి. ఆల్ప్రజోలం 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రిందికి వచ్చును. 100 గ్రాములు మించి పట్టుబడినచో వ్యాపార పరిమాణముగా ఎంచి కఠినశిక్ష విధింతురు. ఐనను కల్తీ ఆగలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పి ముందునకు పోవలెను. తెల్లవారకముందే మోకు భుజమున వేసికొని, ప్రాణములకు తెగించి చెట్టెక్కు గౌడ సోదరులకు ఈ నింద తగిలింపరాదు. చెట్టు కల్లునకు రసాయనముతో పనిలేదు. నీటికి కల్లని పేరుపెట్టి అమ్మువానికే దానితో పని. అతనికి కావలసినది మత్తు మాత్రమే కాదు. త్రాగినవాడు మరునాడు తప్పక తన దుకాణమునకే తిరిగి రావలెను. ఆ కట్టుబాటు ఆ పొడితో కుదురుచున్నది.

ఇక ఆ పొడి దేహమున చేయు పని యేమి? మన మెదడునకు సహజముగా ఒక శాంతగుణము కలదు. మద్యమును, పైన చెప్పిన మందులును ఆ శాంతగుణమును బలవంతముగా పెంచును. దినదినము ఇట్లు జరిగినచో, మెదడు దానికి ఎదురుగా తన చురుకుదనమును పెంచుకొని సమతూకము నిలుపుకొనును. బరువైన బండిని ఎదురు గాలిలో ముందునకు వంగి తోయుచున్నవానిని తలచుకొనుడు. ఆ బండిని ఎవరైన ఒక్కసారిగా తప్పించినచో అతడు బోర్లపడును. అతడు బలహీనుడై పడలేదు. బరువునకు అలవాటుపడి పడినాడు. కల్తీ కల్లు ఒక్కసారిగా ఆగినవాని స్థితియు ఇట్టిదే. చేతులు వణకును, నిద్ర పోవును, చెమటలు పట్టును, నాలుక తడబడును, లేనివి కన్నులకు కనబడును, కొందరికి మూర్ఛలు వచ్చును. మూర్ఛలతో ప్రాణములే పోవచ్చును.

ఇది ఊహ కాదు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీపై దాడులు ముమ్మరము చేయగా, నిజామాబాదు మొదలైన జిల్లాలలో మందు కలిసిన కల్లు హఠాత్తుగా దొరకకపోయెను. కొద్ది దినములలోనే వందల సంఖ్యలో జనులు, అందు స్త్రీలు సహితము, వణకుచు, పొంతనలేని మాటలాడుచు ఆసుపత్రులకు చేరిరి. నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రియు, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలయు వారితో నిండెను. 2020 మార్చిలో కరోనా కారణముగా లాక్‌డౌన్ విధించి దుకాణములన్నియు మూసినపుడు అదే దృశ్యము మరల కనబడెను. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీ కల్లు త్రాగి కొందరు మరణించిరి. ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. చివరిదానిలో జనులు త్రాగి చచ్చిరి. మొదటి రెండింట త్రాగుట ఆగి రోగులైరి. మన నీతిబోధ అంతయు మొదటి మాటపైననే నిలిచియున్నది. త్రాగినవాడు చెడును, మానినవాడు బాగుపడును అనియే పిల్లలకు చెప్పుచున్నాము. మానుటలోనే మృత్యువు పొంచియున్న రోగమొకటి యున్నదని మన బోధలో చోటులేదు.

ఆ చోటు లేకపోవుట వలన ఏమగుచున్నదో ఒక ఉదాహరణము చెప్పెదను. నా యొద్ద చదివిన పిల్లవాడొకడు సిరిసిల్లలో సాంచెలపై పనిచేయుచున్నాడు. రాత్రి పాళీ చేసి, కాళ్ళ నొప్పులు తగ్గునని కల్లునకు మరిగెను. ఏడెనిమిది సంవత్సరములు త్రాగెను. ఒక మహాశివరాత్రికి వేములవాడ రాజన్న సన్నిధిని, కుటుంబ గురువుల యెదుట, ఇక ముట్టనని ప్రమాణము చేసెను. అతని మాటలో కల్లలేదు. ఆ దినముననే మానెను. మూడవ నాటి రాత్రి సాంచె దగ్గరనే కొట్టుకొని పడెను. తల్లి "దేవుని కాడ ఒట్టు పెట్టిండు, మనసుల ఏదో దాసిండు, అందుకే రాజన్న కోపం జేసిండు" అని ఏడ్చెను. ఇరుగుపొరుగువారు వానికి దయ్యము పట్టినదనిరి. చివరకు అన్న ఒక సీసా తెచ్చి నోటిలో పోసెను. అరగంటలో వణుకు తగ్గెను. అంతట అందరును ఒకే తీర్పు చెప్పిరి: వీడు నటించెను, త్రాగుటకే ఇంత చేసెను, రాజన్నకు ఇచ్చిన మాట తప్పెను. నేను చూడబోయినపుడు అతడు తలయెత్తలేదు. "సార్, నేను మానిన. మానినందుకే గిట్లయింది" అని మాత్రము అనెను. ఆ వాక్యము వినుటకు ఆ ఇంటిలో ఎవరికిని చెవులు లేకుండెను.

అటుపిమ్మట అతనిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయిరి. డాక్టరు చేసిన పనిలో గొప్ప రహస్యమేమియు లేదు. కల్తీలోని మందు తొందరగా ఎక్కి తొందరగా దిగునది. ఆల్ప్రజోలం ప్రభావము సగమగుటకు సుమారు 11, 12 గంటలు చాలును. దాని స్థానమున నిదానముగా దిగు డయజిపాంను తెలిసిన మోతాదులో ఇచ్చి, వణుకు నిలిచిన తరువాత ఆ మోతాదును కొద్దికొద్దిగా తగ్గించుచు వచ్చును. మద్యమునకు సంబంధించిన బలహీనతకు బి1 విటమిన్ ఇచ్చును. కాలేయము చెడినవారికి వేరొక మందును ఎన్నుకొనును. మూర్ఛలు ఆగనివారిని, మతి తప్పినవారిని పెద్ద ఆసుపత్రికి పంపును. దిగుడుబావిలోనికి మెట్లమీదుగా దిగుటయు, గట్టుమీది నుండి దూకుటయు రెండును నీటిని చేర్చునవే. దూకినవాడు శూరుడని, మెట్లు దిగినవాడు పిరికివాడని ఎవరును అనరు కదా.

ఐనను పెద్దల ఆక్షేపణను తేలికగా కొట్టివేయుటకు వీలులేదు. వారి మాటలో సత్యాంశము కలదు. లొట్టిలోని డయజిపాంకును, చీటీలోని డయజిపాంకును రసాయన శాస్త్రమున భేదము లేదు. ఒకటే అణువు, ఒకటే గుణము. మరి దేనిని బట్టి ఒకదానిని విషమని, ఒకదానిని ఔషధమని అనుచున్నాము? పేరు మార్చినంతనే ధర్మము మారునా?

తెలుగు బోధించువానిని గనుక నాకీ సందర్భమున రెండు మాటలు తోచుచున్నవి. ఒకటి "మందు". రోగము మాన్పునదియు మందే, తుపాకిలో కూరునదియు మందే, నేటి వాడుకలో సారాయియు మందే. ఈ ఒక్క మాట మన జనుల ఆలోచనను ఎంత తారుమారు చేసినదో చెప్పలేము. రెండవది "మాత్ర". సంస్కృతమున మాత్ర యనగా కొలత. ఛందస్సులో లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు అని పిల్లలకు చెప్పునది ఈ కొలతయే. వైద్యుడిచ్చు బిళ్ళకు మాత్రయను పేరు వచ్చుట కొలిచి యిచ్చుట చేతనే. కల్తీ కల్లులో లేనిది సరిగా ఇదియే. త్రాగువానికి తాను త్రాగుచున్నదేమో తెలియదు, ఎంతయో తెలియదు, నేటి సీసాలో నిన్నటికన్న ఎక్కువున్నదో తక్కువున్నదో తెలియదు. కలిపినవానికిని తెలియదు. చీటీపై మందు పేరుండును, మోతాదుండును, ఎన్ని దినములో ఉండును, ఎప్పుడు తగ్గింపవలెనో ఉండును. అన్నిటికన్న ముఖ్యముగా, ఇచ్చువాని ఉద్దేశము పుచ్చుకొనువాని బంధమును తెంపుట. దుకాణదారుని ఉద్దేశము దానిని బిగించుట. కొలత, తెలివిడి, ఉద్దేశము అను మూడింటను భేదమున్నపుడు వస్తువొకటే యనుట చాలదు. క్షీరసాగర మథనమున పుట్టిన హాలాహలము శివుని కంఠమున నిలిచినపుడు దాని గుణము మారలేదు. దానిని ఎచ్చట ఎంతవరకు నిలుపవలెనో తెలిసినవాని చేతికి వచ్చినది.

కొందరు మిత్రులు ఇంకను ముందునకు పోయి, భక్తితో పుచ్చుకొన్న మాత్రయు ప్రసాదమే యని వ్రాయుచున్నారు. నేను ఆ మాటను అంగీకరింపను. అష్టావరణములలోని ప్రసాదమునకు దాని స్థానము దానికి కలదు; దవాఖాన బిళ్ళను అందులోనికి ఈడ్చుట వలన ప్రసాదమునకు గౌరవము తగ్గును, బిళ్ళకు లేని మహిమ వచ్చును. మాత్రను మాత్రగానే చూచుట మేలు. వ్రతభంగము కాదని చెప్పుటకు దానిని పవిత్రము చేయ నక్కరలేదు.

బసవేశ్వరుని కాలమున కల్యాణమున కూడిన శరణులను తలచుకొన్నచో మనకు వేరొక వెలుగు దొరకును. పన్నెండవ శతాబ్దమున అనుభవ మంటపమున కూర్చున్నవారిలో చాకలి మడివాళ మాచయ్య కలడు, పడవ నడుపు అంబిగర చౌడయ్య కలడు, త్రాళ్ళు పేను నులియ చందయ్య కలడు. వారికి ముందు తరమువాడైన జేడర దాసిమయ్య నేతగాడు. మన సిరిసిల్ల వారు గర్వపడదగిన పేరు. అదే సభలో హెండద మారయ్య యను శరణుడుండెను. కన్నడమున హెండమనగా కల్లు. కల్లు అమ్ముట ఆయన వృత్తి. ఆయన వచనములు నేటికిని లభించుచున్నవి. కల్లుతో సంబంధమున్నవాడవు గనుక మంటపపు మెట్లు ఎక్కకుమని ఆయనను ఎవరును వెలివేయలేదు. వైద్య సంగణ్ణ యను శరణుడును ఉండెను. వైద్యము ఆయన కాయకము. రోగముల పేర్లను, మందుల పేర్లను తన వచనములలోనికి తెచ్చినవాడు. ఒకే సంప్రదాయమున కల్లు అమ్మినవానికిని, మందు నూరినవానికిని చోటున్నపుడు, కల్లునకు బలియై మందు కొరకు పోయినవానికి పంక్తిలో చోటులేదనుట ఏ శాస్త్రముపై ఆధారపడి చెప్పుచున్నారో నాకు బోధపడలేదు.

వ్రతమను మాటనే కొంచెము పరిశీలింతము. వ్రతము మనస్సుతో చేయునది. మూర్ఛ మెదడునకు వచ్చునది. ప్రమాణము చేసినవాని మనస్సు నిలిచియుండగనే దేహము పడిపోవచ్చును. ఆ పడుటను మాట తప్పుటగా లెక్కించుట న్యాయము కాదు. దయను ధర్మమునకు ఆధారముగా నిలిపిన గురువు పేరు చెప్పుకొనుచు, వణకుచున్నవానిని అబద్ధీకుడని పిలుచుట మరింత అన్యాయము. నా అభిప్రాయమున వ్రతము మొదలగునది చివరి మాత్ర మ్రింగిన నాడు కాదు. దుకాణము వైపు అడుగు మరల్చి దవాఖాన మెట్లెక్కిన నాడే. తక్కిన దినములు ఆ వ్రతపు ఆచరణము.

ఇంతవరకు చెప్పినది తగ్గించుచు మాన్పు మందును గూర్చి. ఇంతకన్న కఠినమైన ప్రశ్న ఒకటి కలదు. నల్లమందు, హెరాయిన్, కొన్ని నొప్పిమందుల జాతికి అలవాటుపడినవారికి ఇచ్చు చికిత్సలో మందును పలుమారు సంవత్సరముల తరబడి కొనసాగింతురు. మన జిల్లాలలో ఆ వ్యసనము కల్తీ కల్లంత విస్తారము కాదు; ఐనను మనకు సంబంధించనిది కాదు. నొప్పిమాత్రగా దుకాణములలో దొరకుచుండిన ట్రామడాల్‌ను 2018లో మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చుటకు కారణమా దుర్వినియోగమే.

1965లో న్యూయార్కు నగరమున విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అను వైద్యులు హెరాయిన్ వ్యసనపరులకు మెథడోన్ అను మందును ప్రతిదినము కొలిచి యిచ్చి చూచిరి. అదియు నల్లమందు జాతిదే. కాని నిలకడగా పనిచేయుట వలన వారిలో పలువురు దొంగతనములు మాని పనులలో కుదిరిరి. అప్పుడును "ఒక మత్తు పోయి ఇంకొకటి వచ్చెను" అని అమెరికా పాదిరీలు, న్యాయమూర్తులు అనిరి. మన పెద్దల మాటయే! తరువాత బ్యూప్రెనార్ఫిన్ అను మందు వచ్చెను. నాలుక క్రింద పెట్టుకొనునది. కొంత మోతాదు మించినచో దాని ప్రభావము ఇక పెరుగదు గనుక ప్రాణాపాయము తక్కువ. ఫ్రాన్సు దేశము 1995 నుండి దీనిని పెద్ద ఆసుపత్రులకే పరిమితము చేయక వీధిలోని సామాన్య వైద్యులు కూడ వ్రాయుటకు అనుమతించెను. 1999 నాటికి ఆ దేశమున మోతాదు మించి చచ్చువారి సంఖ్య నూటికి 79 పాళ్ళు తగ్గెను. 2005లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెండు మందులను అత్యవసర మందుల పట్టికలో చేర్చెను. మన దేశమున పంజాబు రాష్ట్రము 2017లో బయటి రోగులకే ఈ మందునిచ్చు ఓట్ క్లినిక్కులను తెరచెను. అచ్చట కొందరు తమకిచ్చిన మాత్రలను బయట అమ్ముకొనుటయు జరిగినది. దానిని దాచి చెప్పుట నా పద్ధతి కాదు. కాని రేషను బియ్యము కొందరు అమ్ముకొందురని ఆకలిగొన్నవారికి బియ్యము మానుదుమా?

సంవత్సరముల తరబడి మందు మ్రింగువాడు విముక్తుడా? నేను ఈ ప్రశ్నకు కాయకమును కొలమానముగా తీసికొందును. అతడు వేళకు లేచుచున్నాడా, తన పని తాను చేసికొనుచున్నాడా, సంపాదించినది ఇల్లు చేరుచున్నదా, పిల్లలు తండ్రిని చూచి దాగకున్నారా? ఔనన్నచో అతడు స్వతంత్రుడే. మన మఠములలో ముందు వరుసలో కూర్చుండు పెద్దలలో రక్తపోటు మాత్ర, చక్కెర మాత్ర లేనివారు ఎందరు? ఆ మాత్ర మానినచో వారును మంచము పట్టుదురు. వారిని మాత్రలకు బానిసలని ఎవరును అనరు. బానిసత్వమనగా మందుపై ఆధారపడుట కాదు. తన కాయకమును, తన మాటను, తనవారిని మందునకు తాకట్టు పెట్టుట.

ఈ చికిత్స మన యూరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రముననే ఎందుకు జరుగవలెను, ఎర్రగడ్డకు పంపరాదా యని అడుగువారు కలరు. పంపవచ్చును, పోవువారెవరు? సాంచె కార్మికునికి ఒక దినము పోయినచో ఒక దినపు కూలి పోవును. కోరుట్లలో బీడీలు చుట్టు స్త్రీ హైదరాబాదులో ఒక వారముండలేదు. గల్ఫు నుండి రెండు నెలల సెలవుపై వచ్చినవానికి కాలము లేదు. అన్నిటికన్న మించి, ఎర్రగడ్డయను పేరు వినగానే పిచ్చివాడను ముద్ర పడును. ఆడపిల్లల పెండ్లిండ్లు ఆగునను భయము. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన సర్వే, మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందుచున్నారని, 180 మందిలో ఒక్కరు మాత్రమే ఆసుపత్రిలో చేరుచున్నారని తేల్చెను. ఆ ముప్పది యేడుగురు ఎచ్చట కలరు? మన ఇండ్లలోనే కలరు. జ్వరమునకు, దగ్గునకు పోవు వరుసలోనే నిలుచుండి మందు తెచ్చుకొనగలిగినచో వారిలో కొందరైన పోవుదురు.

ఇది క్రొత్త ఊహయు కాదు. మన భాష, మన సమాజము రెండును విస్తారముగా నున్న బళ్ళారి జిల్లాలో బెంగుళూరు నిమ్హాన్స్ వారు 1980ల నడుమ ప్రాథమిక కేంద్రముల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు మానసిక చికిత్సలో తర్ఫీదునిచ్చి, మందులు అచ్చటనే దొరకునట్లు చేసిరి. ఆ నమూనా మీదనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశమున మొదలయ్యెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మాదకద్రవ్యముల వలన కలుగు స్థితులను మానసిక అస్వస్థతలో చేర్చి, ప్రభుత్వ చికిత్స పొందుట పౌరుని హక్కని చెప్పుచున్నది. 2022లో జగిత్యాలలోను, 2023లో సిరిసిల్లలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. డయజిపాం చిన్న దవాఖానలకు వింత మందు కాదు. ఉన్న కొరత, ఈ పని నాది అని చేపట్టు డాక్టరు ధైర్యము, తెచ్చి అప్పగించు కుటుంబపు ధైర్యము. 14416 నంబరునకు ఫోను చేసినచో టెలిమానస్ వారు తెలుగులోనే మాటలాడి దారి చూపుదురు. 2022 అక్టోబరు నుండి ఆ సేవ నడచుచున్నది.

మఠములవారికి ఒక విన్నపము. శివరాత్రికి, బసవ జయంతికి మద్యమును మానుడని ప్రమాణములు చేయించుట మంచి ఆచారము. కాని ప్రమాణము చేయువానిని ముందు ఒక మాట అడుగవలెను: "నాయనా, ప్రతిదినము త్రాగుచున్నావా? ఒక్క పూట దొరకనిచో చేతులు వణకునా?" ఔనన్నవానిని ఆ క్షణమున మాన్పింపక, ముందు డాక్టరు నొద్దకు పంపి, మందు ప్రారంభించిన పిమ్మట ప్రమాణము చేయింపవలెను. ఒక్క వారము ఆలస్యమైనచో వ్రతమునకు లోపము రాదు. తొందరపడినచో ప్రాణమునకు రావచ్చును. గదిలో పెట్టి గొళ్ళెము వేసి మాన్పించెదమను వారు కొందరు మన ప్రాంతమున బయలుదేరిరి. వారికి మఠపు ఆవరణలో చోటీయరాదు. గణాచారమనగా సమాజమును కాపాడుట. తాళము వేయుట కాదు. అట్లే పక్కింటివానికి తగ్గినదని అతని మాత్రలు తెచ్చి ఇంకొకనికి ఇచ్చుటయు ప్రమాదమే. మాత్రయు మ్రింగి కల్లును త్రాగినచో ఊపిరి నిలిచిపోవచ్చును. ఈ సంగతి రోగికే కాదు, ఇంటిల్లిపాదికి తెలియవలెను.

స్త్రీలు కూడ ఈ కల్లునకు లోనగుచున్నారను సంగతిని మన పత్రికలలో ఎవరును వ్రాయరు. 2015లో ఆసుపత్రులకు చేరినవారిలో తల్లులును కలరు. పురుషునికైన తోడు వచ్చు భార్య యుండును. స్త్రీకి తోడు వచ్చువారు అరుదు. అక్కమహాదేవి పేర మహిళా మండలులు నడుపుచున్న అక్కచెల్లెండ్రు ఈ పనికి తగినవారు. చీటీ వ్రాయించుకొని వచ్చువరకు ప్రక్కన నడచుట చాలును.

మాత్రలు ఇంటికి వచ్చిన తరువాత వానిని రోగి చేతిలో వదలరాదు. తల్లియో, భార్యయో, పెద్దకొడుకో తమ వద్ద ఉంచుకొని ఏ పూటకాపూట తీసి యియ్యవలెను. మా వైపు కొన్ని ఇండ్లలో సాయంకాలపు లింగపూజ ముగిసిన వెంటనే ఇచ్చుచున్నారు. వేళ తప్పదు గనుక అది మంచి ఏర్పాటు. డాక్టరు వ్రాసిన తగ్గింపు లెక్కను గోడ క్యాలెండరులో తేదీల ప్రక్కన వ్రాసికొని, ఇచ్చిన పూట గీత గీయవలెను. మరచిన పూటను, కల్లు త్రాగి వచ్చిన పూటను సహితము దాచక వ్రాసి, వారమునకొకసారి ఆ కాగితమునే డాక్టరునకు చూపవలెను.